ఆడకుక్క పొట్ట కింద గడ్డ తగిలిందా? ఏం చేయాలి, ఏం చేయకూడదు

ఈ గడ్డలు చాలావరకు కుక్క వెల్లకిలా పడుకుని పొట్ట నిమిరించుకునేటప్పుడే బయటపడతాయి. చనుమొన పక్కన, చర్మం కింద, సెనగగింజంత గట్టిగా ఏదో వేలికి తగులుతుంది. నొక్కినా కుక్క ఏమీ అనదు. తిండి మామూలే, ఆట మామూలే. "కొవ్వు గడ్డేమోలే, పెరిగితే చూద్దాం" అనుకుని వదిలేస్తాం. అసలు చిక్కంతా అలా వదిలేసిన నెలల్లోనే వస్తుంది. అప్పుడు చిన్న కోతతో పోయేది, 5 సెంటీమీటర్లు దాటాక పెద్ద ఆపరేషన్ అవుతుంది. ఈలోగా అది క్యాన్సర్ అయితే ఊపిరితిత్తులకు పాకడానికి టైమ్ దొరికినట్టే.

గర్భసంచి ఆపరేషన్ చేయించని ఆడకుక్కల్లో అన్నిటికంటే ఎక్కువగా కనిపించే కణితులు పాలగ్రంథులవే. 5 ఏళ్ల లోపు అరుదు, వయసు పైబడేకొద్దీ ఎక్కువ. వీటిలో దాదాపు సగం ప్రమాదం లేనివి, మిగతా సగం క్యాన్సర్. చిన్న జాతుల్లో క్యాన్సర్ పాలు కొంచెం తక్కువ. గడ్డ కనబడగానే కుక్క చేయి దాటిపోయినట్టు బెంబేలు పడక్కర్లేదు. అలాగని చేత్తో నొక్కి చూసి "ఇది మంచిదే" అని తేల్చేయడం ఎవరి వల్లా కాదు, డాక్టర్ వల్ల కూడా కాదు. కొన్ని ప్రమాదం లేని గడ్డల్లో ఎముక, మృదులాస్థి కూడా పెరుగుతాయి, రాయిలా తగులుతాయి. కొన్ని క్యాన్సర్లు మెత్తగా ఉంటాయి.

ముందు మొత్తం తడిమి చూడండి

ఒక గడ్డ దొరికిందంటే ఇంకోటి ఉందేమో వెతకాల్సిందే. చాలా కుక్కల్లో ఒకటికి మించి ఉంటాయి.

సాధారణంగా కుక్కకు 5 జతల పాలగ్రంథులు ఉంటాయి. ఛాతీ దగ్గర మొదలై గజ్జల దాకా రెండు వరసల్లో వెళ్తాయి. కొన్నిటికి 4 జతలు, కొన్నిటికి 6 ఉండటం కూడా మామూలే. కణితులు ఎక్కువగా వెనక రెండు జతల్లో వస్తాయి. అక్కడ గ్రంథి పెద్దది, దాని చుట్టూ కొవ్వు కూడా ఎక్కువ. అందుకే చిన్న గడ్డ అక్కడ దాక్కుంటే పైపైన నిమిరితే దొరకదు.

కుక్కను పక్కకు పడుకోబెట్టండి. కంగారు పడే కుక్కయితే ఇంకొకరు తల దగ్గర కూర్చుని మాట్లాడుతూ ఉండాలి. ముందు నుంచి ఒక్కో గ్రంథినీ బొటనవేలికీ మిగతా వేళ్లకీ మధ్య తేలిగ్గా పట్టుకుని, వేళ్లు జరుపుతూ వెళ్లండి. చనుమొన దగ్గరే ఆగకండి, ఒక మొనకీ ఇంకో మొనకీ మధ్య చోటు కూడా చూడండి. ఒక వైపు అయ్యాక రెండో వైపు. చివర్లో చంకల్లో, గజ్జ మడతల్లో గట్టిగా బిళ్లల్లాంటివి తగులుతున్నాయేమో చూడండి, క్యాన్సర్ మొదట పాకేది అక్కడి లింఫ్ గ్రంథులకే. ఒక మాట: రొమ్ము ఎముక చివర ఛాతీ మధ్యలో మొనలాగా ఒకటి తగులుతుంది. దాన్ని గడ్డ అనుకుని హడలిపోయి వచ్చేవాళ్లు తక్కువేం కాదు. అది ప్రతి కుక్కకీ ఉంటుంది.

దొరికిన ప్రతిదాన్నీ రాసి పెట్టుకోండి. "ఎడమ వైపు, వెనక నుంచి రెండో గ్రంథి, 1.5 సెంటీమీటర్లు, కదులుతోంది, చర్మం బాగానే ఉంది, ఫలానా తేదీ" అన్నంత వివరంగా. పక్కన స్కేలు పెట్టి ఫొటో తీయండి. సైజు కళ్లతో అంచనా వేస్తే వారం తిరిగేసరికి మనమే మర్చిపోతాం. డాక్టర్లు కూడా 3 సెంటీమీటర్ల లోపు, 3 నుంచి 5, 5కి పైన అని విడదీసి చూస్తారు. క్యాన్సర్ అయినా సరే 3 లోపు ఉండగా తీసేస్తే బతికే అవకాశాలు చాలా మెరుగు.

క్లినిక్‌కి బయల్దేరే ముందు గడ్డ మీద మార్కర్ పెన్‌తో గుండ్రంగా గీత గీయండి. టేబుల్ ఎక్కగానే కుక్క ఒళ్లంతా బిగదీసుకుంటుంది, ఇంట్లో స్పష్టంగా తగిలిన గడ్డ అక్కడ దొరకదు.

గడ్డలన్నీ కణితులు కావు

ఎద అయిపోయిన 6 నుంచి 8 వారాలకు కొన్ని కుక్కలకు ఉత్తుత్తి చూలు వస్తుంది, అంటే కడుపు లేకపోయినా ఉన్నట్టే ఒళ్లు మారుతుంది. పాలగ్రంథులు ఉబ్బుతాయి, పాలు కూడా పడొచ్చు, బొమ్మల్ని పిల్లల్లా దాచుకుంటుంది. ఇది సాధారణంగా రెండు వైపులా ఒకేలా ఉంటుంది, రెండు మూడు వారాల్లో తగ్గిపోతుంది. పాలు పిండకండి, పిండేకొద్దీ ఇంకా వస్తాయి. వాపు తగ్గాక కూడా ఒకచోట ముడిలాగా మిగిలిపోయిందంటే మాత్రం దాన్ని గడ్డగానే చూడాలి.

పిల్లలకు పాలిచ్చే కుక్కకు ఒక గ్రంథి వేడిగా, ఎర్రగా, ముట్టుకుంటే అరిచేంత నొప్పిగా ఉండి, జ్వరం ఉందంటే అది గ్రంథి వాపు. దానికి ఆ రోజే మందు పడాలి. గజ్జల్లో మెత్తగా ఉండి, నొక్కితే లోపలికి పోయేది హెర్నియా (పొట్ట గోడ సందులోంచి లోపలిది బయటికి ఉబ్బడం) కావొచ్చు. కొవ్వు గడ్డలు, చర్మపు గడ్డలు కూడా పొట్ట మీద వస్తాయి. వీటిలో మాస్ట్ సెల్ కణితి అనేది వేరే రకం క్యాన్సర్, దానికి ఆపరేషన్ ప్లానే వేరు.

ఇంకోటి ఉంది, అన్నిటికన్నా చెడ్డది. పాలిచ్చే కుక్క కాదు, ఈ మధ్య ఎదకూ రాలేదు. అయినా రెండు మూడు గ్రంథులు కలిసిపోయి పలకలా గట్టిపడతాయి, చర్మం ఎర్రబడి కాలుతుంటుంది, విపరీతమైన నొప్పి, ఒక్కోసారి వెనక కాలు కూడా వాస్తుంది. ఇన్‌ఫ్లమేటరీ కార్సినోమా అంటారు. పైకి చర్మానికి ఇన్‌ఫెక్షన్ వచ్చినట్టే ఉంటుంది కాబట్టి యాంటీబయాటిక్స్‌తో రోజులు గడిచిపోతుంటాయి. దీనికి కత్తి పెట్టకూడదు, ఆపరేషన్ చేస్తే మేలు కన్నా కీడే ఎక్కువ. నొప్పి తగ్గించడమే వైద్యం. ఇలాంటి లక్షణాలుంటే అపాయింట్‌మెంట్ కోసం వారం ఆగకండి.

చేయకూడనివి

గడ్డను రోజూ పిసికి చూడకండి. కాపడం పెట్టకండి, పసర్లు, ఆయింట్‌మెంట్లు రాయకండి. వాటితో లోపలి గడ్డ కరగదు, పైన చర్మం మాత్రం పుండవుతుంది. ఇంట్లో సూది గుచ్చి చీము తీయాలని చూడకండి. మనం వేసుకునే నొప్పి మాత్రలు కుక్కకు వేయకండి. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి కుక్క కడుపులో పుండ్లు పుట్టిస్తాయి, కిడ్నీలను దెబ్బతీస్తాయి.

"నెల రోజులు చూద్దాం" కూడా ఈ జాబితాలోదే. చర్మం మీద చిన్న మొటిమ అయితే ఆగి చూడొచ్చు. పాలగ్రంథిలో గడ్డ విషయంలో ఆగడానికి నాకు ఒక్క కారణమే కనిపిస్తుంది: ఉత్తుత్తి చూలు వాపు తగ్గే దాకా. అది కూడా డాక్టర్ చూసి చెప్పాకే. మొదట ప్రమాదం లేని గడ్డగా ఉండి, పెరుగుతూ పెరుగుతూ క్యాన్సర్‌గా మారేవీ ఉన్నాయి.

డాక్టర్ దగ్గర

వెళ్లేటప్పుడు ఈ వివరాలు సిద్ధంగా పెట్టుకోండి: వయసు, ఆఖరిసారి ఎదకు ఎప్పుడొచ్చింది, ఈనిందా, గర్భసంచి ఆపరేషన్ అయిందా, అయితే ఏ వయసులో. ఎద రాకుండా ఎప్పుడైనా హార్మోన్ ఇంజెక్షన్లు వేయించి ఉంటే తప్పకుండా చెప్పండి, వాటితో ఈ కణితుల ముప్పు పెరుగుతుంది. గడ్డ ఎప్పుడు చూశారు, ఎంత త్వరగా పెరిగింది, దగ్గు, ఆయాసం ఉన్నాయా, ఇప్పుడు ఏ మందులు వాడుతున్నారు. స్టెరాయిడ్ వాడుతుంటే దాచకండి, దాని మీద నొప్పి మందు పడితే కడుపులో రక్తస్రావం కావొచ్చు.

మొదట సన్నటి సూదితో కొన్ని కణాలు తీసి చూస్తారు. దీన్నుంచి ఏం ఆశించాలో తెలుసుకుని వెళ్లండి. ఇది కొవ్వు గడ్డా, చీము గడ్డా, మాస్ట్ సెల్ కణితా, పాలగ్రంథి కణితా అన్నది చాలావరకు చెప్పేస్తుంది. కానీ పాలగ్రంథి కణితి అని తేలాక అది మంచిదా చెడ్డదా అన్నది సూది పరీక్షతో గట్టిగా చెప్పలేరు. ఒకే గడ్డలో ఒక పక్క మామూలు కణాలు, ఇంకో పక్క క్యాన్సర్ కణాలు ఉండొచ్చు, సూది ఎక్కడ పడిందన్నదాని మీద ఉంటుంది. "సూది పరీక్షలో ఏమీ లేదన్నారు" అని గడ్డను అలాగే ఉంచుకోవడం మంచి లెక్క కాదు.

తర్వాత ఛాతీ ఎక్స్‌రే. ఆపరేషన్ ముందే తీయించాలి, తర్వాత కాదు. ఊపిరితిత్తుల్లో అప్పటికే మచ్చలుంటే ప్లాన్ మొత్తం మారిపోతుంది. ఒక్క ఫిల్మ్‌తో సరిపెట్టకుండా కుడి పక్కకు, ఎడమ పక్కకు, వెల్లకిలా, మూడు తీయమని అడగండి. కుక్క ఒక పక్కకు పడుకున్నప్పుడు కింద ఉన్న ఊపిరితిత్తిలో గాలి తగ్గిపోయి చిన్న మచ్చలు కనబడవు. దీంతోపాటు రక్త పరీక్షలు, కిడ్నీ, లివర్ పనితీరు, పొట్ట స్కానింగ్. పెద్ద వయసు కుక్కలో గుండె ఎలా ఉందో కూడా చూస్తారు.

"ముసలిదైపోయింది, మత్తు తట్టుకుంటుందా?" అన్న టెన్షన్ అందరికీ ఉంటుంది. వయసు ఒక్కటే అడ్డు కాదు. పరీక్షలు బాగుంటే పదేళ్ల కుక్కలకు కూడా ఈ ఆపరేషన్ రోజూ జరుగుతూనే ఉంది. గడ్డ పగిలి చీము కారే దశలో నీరసించిన కుక్కకు మత్తివ్వడం కన్నా, ఇప్పుడు తిరుగుతూ తింటూ ఉన్నప్పుడు ఇవ్వడమే తక్కువ ప్రమాదం.

ఆపరేషన్ గురించి ఏం అడగాలి

ఎంత మేర తీస్తారని అడగండి. అర సెంటీమీటరు లోపు, కదిలే చిన్న గడ్డయితే గడ్డ వరకే తీయొచ్చు. కొంచెం పెద్దదైతే ఆ గ్రంథి మొత్తం. అంతకు మించితే పక్క గ్రంథులతో కలిపి, లేదా ఒక వైపు వరస మొత్తం. కుక్కల్లో వరసంతా తీసేస్తే ఎక్కువ కాలం బతుకుతాయని ఏమీ లేదు, గడ్డ చుట్టూ శుభ్రమైన అంచుతో మొత్తం రావడమే ముఖ్యం. అయితే మిగిలిన గ్రంథుల్లో తర్వాత కొత్త గడ్డలు వచ్చే అవకాశం ఉంది, అందుకే కొందరు డాక్టర్లు వరసంతా తీయడానికే మొగ్గు చూపుతారు. మీ కుక్క వయసు, గడ్డలు ఎన్ని, ఎక్కడెక్కడ అన్నదాన్ని బట్టి మాట్లాడుకోవాల్సిన విషయం ఇది. రెండు వైపులా తీయాల్సి వస్తే సాధారణంగా ఒకేసారి చేయరు, కుట్లు వేయడానికి చర్మం చాలదు. కొన్ని వారాల తేడాతో రెండుసార్లు చేస్తారు.

గర్భసంచి, అండాశయాలు కూడా అదే మత్తులో తీసేస్తారా అని అడగండి. పెద్ద వయసు ఆడకుక్కకు గర్భసంచిలో చీము పట్టే ప్రమాదం ఎలాగూ ఉంటుంది, అది తప్పుతుంది. ఎద తాలూకు హార్మోన్లు కూడా ఆగుతాయి.

ఇక బయాప్సీ. తీసిన గడ్డ ల్యాబ్‌కి వెళ్తుందా, ఖర్చు బిల్లులో కలిసిందా అన్నది ఆపరేషన్‌కి ముందే తేల్చుకోండి. "గడ్డ తీసేశాం కదా, ఇంకెందుకు" అని దీన్ని మానేసేవాళ్లు ఉన్నారు. నన్నడిగితే ఇంకెక్కడైనా పొదుపు చేయండి గానీ ఇక్కడ వద్దు. గడ్డ ఏమిటో తెలియకపోతే తర్వాత ఎంత జాగ్రత్తగా ఉండాలో తెలియదు. గడ్డలు ఎన్ని ఉంటే అన్నీ పంపాలి, విడివిడి డబ్బాల్లో, దేన్ని ఎక్కడి నుంచి తీశారో పేరు రాసి. ఒకే కుక్కలో ఒక గడ్డ మంచిది, పక్కది క్యాన్సర్ కావడం మామూలే. పెద్ద గడ్డే చెడ్డదై ఉంటుందన్న గ్యారంటీ లేదు.

ఇంటికి తెచ్చాక

వరసంతా తీస్తే కోత ఛాతీ నుంచి గజ్జ దాకా ఉంటుంది. మొదటిసారి చూస్తే ఎవరికైనా గుండె గుభేలుమంటుంది. కుక్కలు మాత్రం మనం అనుకున్నదానికన్నా త్వరగా లేస్తాయి. అసలు కష్టం అక్కడే, లేచాక ఆపడం.

మెడకు కోన్ (నోరు కుట్లకు అందకుండా కట్టే గరాటులాంటిది) కట్టి ఉంచండి, కుట్లు తీసే దాకా. "పాపం నీళ్లు తాగలేకపోతోంది" అని విప్పి రెండు నిమిషాలు పక్కకు వెళ్లొచ్చేసరికి కుట్లు నాకేసి, లాగేసి ఉంటుంది. నీళ్ల గిన్నెను కొంచెం ఎత్తులో, కోన్ అంచు కన్నా చిన్న గిన్నెలో పెడితే తాగగలదు. ఒంటికి పాత టీ షర్ట్ తొడిగితే కోతకు మట్టి అంటదు, కానీ అది కోన్‌కి బదులు కాదు.

సోఫా ఎక్కడం, మెట్లు, గెంతడం 10 నుంచి 14 రోజులు బంద్. బయటికి గొలుసుతోనే, అది కూడా అవసరానికి. స్నానం వద్దు. పడుకునే చోట రోజూ ఉతికిన గుడ్డ వేయండి, లేత రంగుదైతే రసి కారుతోందా, ఎంత, ఏ రంగు అన్నది తెలిసిపోతుంది. డాక్టర్ రాసిన నొప్పి మందు కుక్క హుషారుగా ఉందని మధ్యలో ఆపకండి. వాంతులు గానీ నల్లటి విరేచనం గానీ కనబడితే మాత్రం వెంటనే ఆపి ఫోన్ చేయండి.

కోత పక్కన మెత్తటి నీటి బుడగలాగా ఉబ్బడం తరచూ జరిగేదే, చర్మం కింద ఖాళీలో నీరు చేరుతుంది. చాలావరకు దానంతటదే ఇంకిపోతుంది, పిండకండి. కుట్లు విడిపోవడం, చీము, దుర్వాసన, ఆగని రక్తం, చిగుళ్లు పాలిపోవడం, రోజు గడిచినా ఏమీ తినకపోవడం, వీటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగొద్దు.

రిపోర్ట్ వచ్చాక

రిపోర్ట్‌లో మూడు చోట్ల చూడండి. గడ్డ పేరు: అడినోమా, ఫైబ్రోఅడినోమా, బినైన్ మిక్స్‌డ్ ట్యూమర్ అని ఉంటే ప్రమాదం లేనిది. కార్సినోమా, సార్కోమా అంటే క్యాన్సర్. రెండోది గ్రేడ్: 1 నెమ్మదిగా ఉండేది, 3 దూకుడుగా పాకేది. మూడోది అంచులు, రక్తనాళాలు: అంచుల్లో కణాలు లేవు, రక్తనాళాల్లోకి, లింఫ్ నాళాల్లోకి చొరబడలేదు అంటే చాలా మంచి మాట. గ్రేడ్ 1, చిన్న గడ్డ, శుభ్రమైన అంచులు అయితే చాలా కుక్కలకు ఆ ఆపరేషన్‌తోనే సరిపోతుంది. అంచుల్లో మిగిలి ఉంటే మళ్లీ తీయాల్సి రావచ్చు.

గ్రేడ్ 3, లింఫ్ గ్రంథికి పాకడం లాంటివి ఉంటే కీమో (క్యాన్సర్ కణాలను చంపే మందులు) మాట వస్తుంది. డాక్సోరుబిసిన్, కార్బోప్లాటిన్ లాంటివి వాడుతుంటారు. ఈ కణితుల్లో కీమో ఎంత కాలం కలుపుతుందన్నదానికి ఆపరేషన్‌కి ఉన్నంత గట్టి ఆధారాలు లేవు. కాబట్టి ఇది తప్పనిసరి అన్నట్టు ఎవరైనా చెప్తే, మీ కుక్క విషయంలో ఏం ఆశిస్తున్నారో సూటిగా అడగండి. చేయించకపోయినా మీరు ద్రోహం చేసినట్టు కాదు.

క్యాన్సర్ అని తేలితే మొదటి ఏడాది 3 నెలలకోసారి చెకప్, డాక్టర్ చెప్పినప్పుడల్లా ఛాతీ ఎక్స్‌రే. ఏ రిపోర్ట్ వచ్చినా నెలకోసారి మీరు తడిమి చూడటం మాత్రం ఆపకండి.

ఆపరేషన్ కుదరకపోతే

అప్పటికే ఊపిరితిత్తులకు పాకి ఉండొచ్చు, గుండె మత్తు తట్టుకోలేకపోవచ్చు. అప్పుడు నొప్పి మందులు, పుండు శుభ్రం, తిండి, ఇవే చూసుకోవాలి. గడ్డ పగిలితే డాక్టర్ చూపించినట్టు సెలైన్‌తో కడిగి, గాలి ఆడే గుడ్డ తొడిగి, ఈగలు వాలకుండా చూడండి. పురుగు పడితే కుక్క పడే నరకం ఇంతా అంతా కాదు. నిద్రలో ఊపిరి లెక్కపెట్టడం అలవాటు చేసుకోండి: నిమిషానికి 30 దాటుతూ ఉంటే ఫోన్ చేయాల్సిన సమయం. తినడం మానేసి, లేవలేక, మందులకు కూడా నొప్పి లొంగకపోతే, నొప్పి లేకుండా పంపించేయడం గురించి డాక్టరే కదిపే దాకా ఆగక్కర్లేదు, మీరే అడగొచ్చు.

ఇంట్లో ఇంకో ఆడకుక్క ఉంటే

ఈ జబ్బు ఒకదాని నుంచి ఇంకోదానికి అంటదు. చిన్న వయసులో గర్భసంచి ఆపరేషన్ చేయిస్తే ముప్పు తగ్గుతుందని ఎన్నో ఏళ్లుగా చెప్తున్నారు. 1969లో వచ్చిన ఒక అమెరికన్ అధ్యయనం లెక్క ప్రకారం, ఆపరేషన్ చేయించని కుక్కల ముప్పుతో పోలిస్తే మొదటి ఎదకు ముందే చేయించిన వాటికి అది 0.5 శాతమే, ఒక ఎద తర్వాత 8, రెండు ఎదల తర్వాత 26 శాతం. 2012లో పాత అధ్యయనాలన్నీ తిరగేసిన ఒక సమీక్ష మాత్రం ఆ ఆధారాలు అనుకున్నంత బలంగా లేవంది. పెద్ద జాతుల్లో మరీ చిన్నప్పుడే చేయిస్తే కీళ్ల సమస్యలు పెరుగుతాయన్న మాట కూడా ఉంది. కాబట్టి ఏ వయసులో అన్నది జాతిని బట్టి డాక్టర్‌తో మాట్లాడి నిర్ణయించుకోండి. పిల్లల్ని పెట్టించే ఉద్దేశం లేకపోతే మాత్రం ఏళ్ల తరబడి వాయిదా వేయకండి. మగకుక్కలకు ఈ కణితులు చాలా అరుదు, వస్తే చేయాల్సింది పైన గడ్డల గురించి చెప్పినదే.